గోడ పగలగొట్టడానికి వందమంది, మూయడానికి?

హార్వీ తుఫాను వెళ్ళిపోయాక మూడు నాలుగు వారాలపాటు హ్యూస్టన్‌లో ఎవరి చేతిలో చూసినా సుత్తే. 2017 ఆగస్టు 25 రాత్రి రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటిన తుఫాను దాని దారిన అది పోకుండా టెక్సస్ మీదే తిష్ఠ వేసి కురిసింది. నెదర్లాండ్ అనే ఊళ్ళో 60.58 అంగుళాల వాన పడింది, అంటే ఒకటిన్నర మీటరు పైమాటే. హ్యూస్టన్ ఉన్న ఒక్క హ్యారిస్ కౌంటీలోనే దాదాపు లక్షన్నర ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక చూడాలి జనాన్ని! పసుపు చొక్కాల సదరన్ బాప్టిస్టులు, నారింజ చొక్కాల సమారిటన్స్ పర్స్ అనే క్రైస్తవ సేవాసంస్థ వాళ్ళు, బకెట్లలో బ్రష్షులూ గ్లవ్సులూ సర్దుకొచ్చిన మెథడిస్టులు, కాలేజీ పిల్లలు, ఆఫీసుల నుంచి ఒకే రంగు టీషర్టుల్లో దిగినవాళ్ళు, పులిహోర పొట్లాలతో మనవాళ్ళు. ఒక్కో ఇంటి ముందు పదేసిమంది.

ఆర్నెల్లు తిరిగేసరికి అవే వీధుల్లో ఒక్క రంగు చొక్కా కనపడలేదు. ఇళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి, కింది నాలుగడుగుల గోడ లేకుండా.

నా గొడవంతా ఈ రెండో సంగతి గురించే. తుఫాను సాయాన్ని గోడ పగలగొట్టినవాళ్ళ తలలు లెక్కపెట్టి కొలుస్తున్నాం. గోడ మూసినవాళ్ళని లెక్కపెట్టాలి. అలా లెక్కపెడితే చర్చి టీముల గురించి మనవాళ్ళలో తిరిగే రెండు మాటలూ నిలవవు. ‘సేవంటే వాళ్ళదే, మనది ఉత్త సోది’ అనేది ఒకటి. ‘అదంతా మతం మార్చే ఎత్తు’ అనేది రెండోది. నేను క్రిస్టియన్‌ని కాను. మా పక్కవీధి మెథడిస్టు చర్చి టీముతో కలిసి ఇళ్ళ పని చేస్తూ వస్తున్నాను. ఆ సంగతి తెలిసి మా అత్తగారు ఫోన్లో అన్న మొదటిమాట: “ఏమ్మా, నెత్తిన నీళ్ళు గానీ పోస్తారేమో, కాస్త చూసుకో.” ఆమాటకొస్తే నా నెత్తిన పడింది నీళ్ళు కాదు, జిప్సం పొడి.

మన ఊళ్ళ ఇంటికీ ఇక్కడి ఇంటికీ ఉన్న తేడా తెలియకపోతే ఈ గోడ గొడవ అర్థం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు, నీళ్ళు దిగాక ఫైరింజన్లు తెచ్చి ఇళ్ళలో బురద కడిగారు. ఫ్రిజ్జులు పోయాయి, పరుపులు పోయాయి, బళ్ళు పోయాయి. గోడలు మాత్రం ఇటుకా సిమెంటూ గనక నిలబడ్డాయి. కడిగి, ఆరనిచ్చి, రంగు వేసుకుంటే మళ్ళీ గోడే. హ్యూస్టన్ ఇంటి లోపలిగోడ అలా కాదు. వరసగా నిలబెట్టిన కర్ర స్టడ్ల మీద షీట్‌రాక్ పలకలు బిగిస్తారు. రెండు అట్టల నడుమ జిప్సం నొక్కి చేసిన పలక అది. బయటి గోడలైతే దాని వెనక ఇన్సులేషన్ కూడా ఉంటుంది, ఎక్కువగా గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్. ఇంట్లోకి అడుగు నీళ్ళొస్తే చాలు, అట్ట ఆ తడిని పైపైకి పీల్చుకుంటుంది. ఒకట్రెండు రోజుల్లో బూజు మొదలు. కడగడాలు ఉండవు, కోసి పారేయడమే.

కోతకి ఒక లెక్కుంది. నేల నుంచి నాలుగడుగుల పైన ఓ అర అంగుళం ఎత్తున, నీలి సుద్దపొడి పట్టించిన దారంతో గోడ పొడుగునా గీత కొడతారు. కిందదంతా తీసేస్తారు. పలక వెడల్పు నాలుగడుగులు గనక రేపు కింద అర అంగుళం సందు వదిలి కొత్తది అడ్డంగా పెడితే సరిగ్గా సరిపోతుంది. అంతకుముందే సామానంతా బయటికి చేరాలి. ఫ్రిజ్జు తలుపుకి టేపు చుట్టేయాలి; వారం రోజులు కరెంటు లేని ఫ్రిజ్జు తలుపు తీసినవాణ్ణి టీములో ఎవరూ క్షమించరు. తరవాత కార్పెట్, బేస్‌బోర్డులు (గోడ అడుగున కొట్టే పట్టీలు), గోడ, ఇన్సులేషన్. ఆ తరవాత ఎవరికీ ఇష్టంలేని పని, స్టడ్లలో మిగిలిపోయిన మేకులూ స్క్రూలూ ఒక్కోటీ పీకడం. ఆఖర్న బూజు మందు కొట్టి ఫ్యాన్లు పెట్టడం. పదిమంది ఉంటే మామూలు ఇల్లు ఒకట్రెండు రోజుల్లో అయిపోతుంది. ఏ పనీ రానివాడు కూడా పొద్దున తొమ్మిదికి వచ్చి, అరగంట చూసి, సాయంత్రానికి ఆరితేరతాడు. రోడ్డు పక్కన తడిసిన చెత్త కొండలా పేరుతుంది. దాని ముందు నిలబడి ఫొటో దిగితే చేసిన పని కళ్ళకి కడుతుంది.

ఈ పని తక్కువదని అనను. మొదటి వారంలో అది జరక్కపోతే ఇల్లు బూజుపట్టి పైకప్పుదాకా పోతుంది. అయితే అది సగం పని, అందులోనూ సులువైన సగం. సెప్టెంబరు 10న ఇర్మా తుఫాను ఫ్లోరిడాని కొట్టింది. 20న మరియా ప్యూర్టోరికోని ఊడ్చేసింది. టీవీలు అటు తిరిగాయి, బళ్ళూ అటు తిరిగాయి. వాళ్ళ అవసరం వాళ్ళది, ఎవర్నీ అనడానికి లేదు. హ్యూస్టన్‌లో మిగిలింది మాత్రం గోడల్లేని ఇళ్ళు, వాటిలో మనుషులు.

మరి వాళ్ళు డబ్బిచ్చి చేయించుకోలేరా? మామూలు ఇంటి ఇన్సూరెన్సు వరదకి వర్తించదు, దానికి వేరే పాలసీ కొనాలి. హ్యారిస్ కౌంటీలో మునిగిన ఇళ్ళలో ఎక్కువవాటికి ఆ పాలసీ లేదు. కేంద్రప్రభుత్వ విపత్తు సాయం సంస్థ ఫీమా ఇచ్చే గ్రాంటు ఆ ఏడాది ఎంత ఎక్కువైనా 33,300 డాలర్లు, చాలామందికి వచ్చింది అందులో కొంతే. ఇంటిని ఎప్పటిలా చేసివ్వడం ఆ డబ్బు ఉద్దేశం కాదు, తలదాచుకునే స్థితికి తేవడం వరకే. మనవాళ్ళలో చాలామందికి తెలియనిది ఇంకోటుంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఆ నగదు సాయం రాదు. ఇక్కడ పుట్టిన పిల్లలుంటే పిల్లల పేరున అడగొచ్చు. లేకపోతే ఇన్నేళ్ళు కట్టిన పన్నులు కట్టినట్టే, మునిగిన ఇల్లు మునిగినట్టే.

హ్యూస్టన్ పడమటి శివారు కేటీ వైపు బార్కర్ జలాశయం ఎగువన మునిగిన కాలనీల్లో మన కుటుంబాలు బోలెడు. ఆనకట్టలు 1940లలో కట్టినవి. నీళ్ళు నిండితే ఎక్కడిదాకా వస్తాయో ఇంజనీర్లకి తెలుసు, ఆ గీత లోపల ఇళ్ళు కట్టి అమ్మారు. 2019 డిసెంబరులో ఫెడరల్ కోర్టు ఎగువ ఇళ్ళ మునకకి ప్రభుత్వానిదే బాధ్యత అని తేల్చింది. తీర్పు వచ్చినంత మాత్రాన గోడ రాదు కదా. అక్కడ నాకు తెలిసిన ఓ తెలుగింటికి వెళ్ళిన పసుపు చొక్కాల టీములో ఒక పెద్దాయన దేవుడి గది దగ్గర ఆగి, గ్లవ్సు విప్పి, ఒక్కో పటాన్నీ రెండుచేతులా పట్టుకుని మేడమీదికి చేర్చాడట. ఆ ఇంటావిడ ఇప్పటికీ ఆ పటాల సంగతే చెబుతుంది, గోడల సంగతి రెండోది.

నేను కళ్ళారా చూసిన ఇల్లు ఈశాన్య హ్యూస్టన్‌లోది. ఒంటరిగా ఉండే నల్లజాతి పెద్దావిడ. వాళ్ళమ్మ కొన్న ఇల్లు, కాగితాలు ఇంకా చనిపోయిన ఆ తల్లి పేరునే ఉన్నాయి. మన ఊళ్ళలో తాతపేరున ఉండిపోయిన పొలంలాగే అక్కడా తరాలు దాటిన ఆస్తులుంటాయి. ఇల్లు నీదేనని రుజువేదీ అని ఫీమా అర్జీ తిప్పికొట్టింది. ఇలాంటివాళ్ళ కోసం రుజువుల నిబంధనలు సడలించారు గానీ అది 2021లో. అప్పటిదాకా ఆవిడ నడవలో నిలబడి చూస్తే స్టడ్ల మధ్య నుంచి పడగ్గది, దాని అవతల స్నానాలగది గొట్టాలు కూడా కనిపించేవి. చుట్టం వస్తే స్నానాలగదికి దుప్పటి కట్టుకునేది. మొదటి నెలలో వచ్చిన కుర్రాళ్ళు గోడలు చక్కగా తీసిపెట్టి, కౌగిలించుకుని, ఫొటో దిగి వెళ్ళారు. వాళ్ళ మీద ఆవిడకి కోపం లేదు. “పిల్లలు బంగారాలు బేబీ, కానీ చలి వాళ్ళతో పోలేదుగా” అంది నాతో.

ఇలాంటి ఇళ్ళ కోసం ఒక బల్ల ఉంటుంది. దీర్ఘకాల పునరావాస కమిటీ అంటారు. చర్చిల ప్రతినిధులు, దాతల సంస్థలు, కేస్ మేనేజర్లు ఆ బల్ల చుట్టూ కూర్చుంటారు. కేస్ మేనేజరు ఒక ఇంటి ఫైలు తెరిచి ఫీమా ఉత్తరం, రసీదులు, పన్ను కాగితాలు చూపించి, లోటు ఎంతో చెబుతుంది. ఒకరు షీట్‌రాక్ ఇస్తామంటారు. ఇంకొకరు వైరింగుకి డబ్బు. ఇంకొకరు ఫలానా వారం పదిమంది మనుషులు. విసుగు పుట్టించే సమావేశం, మధ్యలో చల్లారిన కాఫీ. ఫొటోకి పనికిరాదు. అయినా గోడ మూసుకునేది అక్కడే.

ఈ ఏర్పాటు ఒక్కరోజులో పుట్టింది కాదు. టెక్సస్ బాప్టిస్టులు 1967లో బ్యూలా తుఫానప్పుడు వంట చేసి పెట్టడంతో మొదలెట్టారు. మెనొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు అంతకుముందే, 1950లో, విపత్తు సాయానికి సంస్థ పెట్టుకున్నారు. 1969 కమీల్ తుఫానులో సాయానికి వచ్చినవాళ్ళు ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకోవడం చూసి, మరుసటేడు సంస్థలన్నీ ఒక ఉమ్మడి వేదిక పెట్టుకున్నాయి. మెనొనైట్ల పద్ధతి నాకు మహా ఇష్టం. అందరూ వచ్చినప్పుడు కాదు, అందరూ వెళ్ళాక వస్తారు. వాళ్ళలో కొందరు నెలల తరబడి ఉండిపోతారు, వారానికో కొత్త బృందం వచ్చి వాళ్ళ కింద చేరుతుంది. నాలుగురోజులు పనిచేసి పోయేవాళ్ళకి పని చెప్పే మనిషి కదలకుండా ఉండటమే ఇందులో అసలు కిటుకు.

ఎందుకంటే గోడ మూయడం పనొచ్చినవాళ్ళ పని. మా టీము లీడరు ఫోన్ కంపెనీలో తీగలు లాగి రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి. ముందు తేమ చూసే మీటరు సూదులు స్టడ్డులో గుచ్చుతాడు. పదిహేను శాతం కన్నా కిందికి రాకపోతే ఆ రోజు పలక ఎక్కనివ్వడు, ఎవరు ఎంత దూరం నుంచి వచ్చినా సరే. తడి కర్ర మీద గోడ మూస్తే లోపల మళ్ళీ బూజే. పలకని నేలకి ఆనించనివ్వడు, అర అంగుళం సందు వదలమంటాడు. రేపు బకెట్ నీళ్ళు ఒలికినా అట్ట తాగకుండా. ఆ తరవాత అతుకులు. అతుకు మీద మడ్ (అతుకులు పూడ్చే ముద్ద) పూసి, కాగితం టేపు పెట్టి, ఆరంగుళాల కత్తితో ఒక్క లాగుడు. బలం ఎక్కువైతే టేపు కింద మడ్ ఉండదు, రేపు పొంగుతుంది. తక్కువైతే గట్టు కడుతుంది. అది ఆరాక ఇంకొంచెం వెడల్పుగా రెండో పూత, అదీ ఆరాక మూడోది. హ్యూస్టన్ ఉక్కలో ఆరడానికి ఒక్కోసారి రెండురోజులు. ఆ తరవాత గరుకు కాగితం. అంతా అయ్యాక గది చీకటి చేసి, లైటు గోడకి పక్కవాటుగా పెట్టి చూస్తాడు. నున్నగా ఉందనుకున్న గోడ మీద ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. “పేదవాళ్ళ ఇల్లే కదా అని ఎవరూ అనుకోకండి, ఈ గోడని రోజూ చూసేది ఆవిడ” అన్నది ఆయన ఒక కాలేజీ జట్టుతో, వాళ్ళు రెండురోజులు చేసిన అతుకులు గీకించేస్తూ. ఆ పిల్లల ముఖాలు చూడాలి! ఆ పైన పాతగోడతో కలిసేలా నారింజ తొక్క లాంటి గరుకు చల్లి, ప్రైమరు కొట్టి, రంగు వేయాలి. ఒక్క పడగ్గదికే వారం పైన.

ఇక ప్రార్థన. పొద్దున పని మొదలెట్టే ముందు అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు. నేనూ నిలబడతాను, నాకు తోచింది అనుకుంటాను. ఎవరూ అడగలేదు. పని అయ్యాక టీమంతా సంతకాలు చేసిన బైబిలు ఇంటివాళ్ళకి ఇచ్చే ఆచారం కొన్ని టీములకి ఉంది. మా పెద్దావిడ పుట్టు బాప్టిస్టు, ఆవిడకి కొత్తగా ఎక్కించాల్సిన దేవుడు లేడు. ఇల్లు పోయి నిస్సహాయంగా ఉన్న హిందువో ముస్లిమో అయితే? మొహమాటానికి తలవంచుతారు, నిజమే. సాయం చేసేవాడి దేవుడికి దండం పెట్టడం ఎంత మర్యాదగా అడిగినా బరువే. అడగకుండా ఉంటే మేలని మా లీడరుతోనే అన్నాను. వద్దంటే ఆపేస్తామన్నాడు. వద్దనే ధైర్యం అవతలివాళ్ళకి ఉండదు గదా, అన్నాను. ఈ విషయంలో మాకు ఇంకా కుదరలేదు. మతం పేరెత్తగానే మొత్తం పనిని తీసిపారేసే మనవాళ్ళని మాత్రం ఒకటి అడుగుతాను: ఆవిడ స్నానాలగది గోడ ఎవరు మూశారు?

చర్చిలన్నిటినీ ఒకే గాటన కట్టేవాళ్ళకి ఇంకో మాట. హార్వీ వరదలో 16,000 మంది పట్టే లేక్‌వుడ్ చర్చి మొదట తలుపులు తెరవలేదని దేశమంతా తిట్టిపోసింది, తరవాత తెరిచారు. అదే వరదలో మునిగిన మూడు చిన్న చర్చిలు, మాకూ ఫీమా సాయం ఇవ్వాలని కోర్టుకెక్కాయి. 2018 జనవరిలో ఫీమా నిబంధన మార్చింది. వరదలో ఆశ్రయమిచ్చినదీ చర్చే, మునిగినదీ చర్చే, తిట్లు తిన్నదీ చర్చే. ఏ చర్చి అని అడగాలి.

నాకు ప్రార్థన కన్నా ఎక్కువ మండేది హాజరు పట్టీ. పొద్దున సంతకం, సాయంత్రం సంతకం, చేసిన గంటలు. స్థానిక ప్రభుత్వాలు తాము భరించాల్సిన వాటాలో వాలంటీర్ల గంటలని జమ వేసుకునే వీలు ఫీమా నిబంధనల్లో ఉంది. తప్పేం కాదు, లెక్క ప్రకారం సరైనదే. కానీ ఇంకోవైపు హ్యూస్టన్ ఇళ్ళ కోసం కేంద్రం ఇచ్చిన వంద కోట్ల డాలర్ల పైచిలుకు డబ్బు నగరానికీ రాష్ట్రానికీ మధ్య నలిగింది. నగరం నత్తనడక నడుస్తోందని 2020లో రాష్ట్రం ఆ పథకాన్ని లాక్కోబోయింది, మళ్ళీ కోర్టు. అప్పటికి మూడేళ్ళు. మధ్యలో 2019లో ఇమెల్డా తుఫాను వచ్చి అవే వీధుల్లో కొన్నిటిని మళ్ళీ ముంచింది. వాలంటీర్లు ఉన్నారుగా అన్న ధీమా ఆఫీసుల్లో ఒక్కరోజు ఆలస్యానికి కారణమైనా అది మాకు మెప్పు కాదు.

ఒప్పుకోవలసింది ఇంకోటుంది. హ్యూస్టన్‌లో మూసుకున్న గోడల్లో ఎక్కువభాగం ఏ చర్చీ మూయలేదు. ఇంటి సామాన్లమ్మే హోమ్ డిపో దుకాణాల పార్కింగుల్లో పొద్దున్నే నిలబడే మెక్సికో, హోండురాస్, ఎల్ సాల్వడార్ కూలీలు మూశారు, చాలామంది కాగితాలు లేకుండానే. అదే ఏడాది టెక్సస్ వాళ్ళని వెంటాడే చట్టం చేసింది, సెప్టెంబరు 1 నుంచి అమలు. తుఫాను ఇంకా కురుస్తున్నప్పుడు, ఆగస్టు 30న, జడ్జి దాంట్లో ముఖ్యభాగాన్ని ఆపాడు. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టర్ల కథలు వాళ్ళ దగ్గర కొల్లలు. మాకు భోజనాలు, చప్పట్లు, టీషర్టులు. విమానం టికెట్లు కొనుక్కుని పదిహేనుమంది టీనేజి పిల్లలు వచ్చి ఒక గదికి రంగు వేసే బదులు, ఆ డబ్బుతో ఇద్దరు మేస్త్రీలకి నెల జీతమివ్వొచ్చు కదా అనేవాళ్ళున్నారు. నేను సగం ఒప్పుకుంటాను. పలకలు ఎక్కించే మేస్త్రీకి కూలి ఇచ్చి, మేకులు పీకడం, గరుకు కాగితం పట్టడం, రంగు వేయడం వాలంటీర్లకి ఇచ్చిన ఇళ్ళు తొందరగా పూర్తయ్యాయి. మా చర్చి ఇప్పుడు అదే చేస్తోంది. (నేనిలా ‘మా చర్చి’ అనేశానని మా అత్తగారికి చెప్పకండి.)

మన సంఘాల సంగతి చివరికి అట్టేపెట్టాను. హార్వీకి మనవాళ్ళు డబ్బు బాగానే పోగుచేశారు, వండి పెట్టారు, పడవల్లో వెళ్ళి మనుషుల్ని తెచ్చారు. తరవాత పెద్ద చెక్కు పట్టుకుని ఫొటో దిగి, లెక్క ముగించారు. ఆ చెక్కు డబ్బు ఎవరి గోడ అయిందో అడిగితే చెప్పగలిగినవాళ్ళు నాకు కనిపించలేదు. ఆమధ్య ఒక సంఘం మీటింగులో, ఈసారి ఒక ఇంటిని మొదటినుంచి తాళంచెవి ఇచ్చేదాకా మనమే పట్టుకుందాం అన్నాను. “అక్కా, కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళం, ఆ పనులు మనకెక్కడ వస్తాయి?” అన్నాడొక తమ్ముడు. ఆ తమ్ముడే యూట్యూబ్ చూసి ఇంటి వెనక డెక్ కట్టుకున్నాడు. పక్కన కూర్చున్నాయన రెండు బాత్రూముల టైల్స్ స్వయంగా మార్చుకున్నాడు. పనిచేసే చేతులు మనకీ ఉన్నాయి. కొరత అల్లా ఫిబ్రవరిలో కూడా వచ్చే అలవాటుకి, సామాను దాచుకునే చోటుకి, ఆ బల్ల దగ్గర విసుక్కోకుండా కూర్చునే ఒక మనిషికి. మన గుడి పేరుతో కాకపోతే ఇంకెవరి పేరుతోనైనా సరే, ఆ కమిటీలో ఒక కుర్చీ అడిగితే కాదనరు, చేతులు చాలక చస్తున్నారు.

తుఫానుల కాలం జూన్ 1న మొదలవుతుంది. ఆలోపు మార్చి, ఏప్రిల్ శనివారాల్లో చర్చి గిడ్డంగిలో మా లీడరు టేపింగ్ నేర్పుతున్నాడు. ఒక ఉత్తుత్తి గోడ కట్టి ఉంచాడు, దాని మీద ఎన్ని అతుకులు పాడుచేసినా ఏమీ అనడు. డెక్ కట్టిన తమ్ముడు వస్తానన్నాడు. హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఇంకో నలుగురు వస్తే ఒక జట్టు అవుతుంది. ఆరంగుళాల కత్తి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, మడ్డూ టేపూ అక్కడ ఉంటాయి. మధ్యాహ్నం భోజనం శాండ్‌విచ్చే, పచ్చడి కావాలంటే ఇంటి నుంచి పట్టుకురండి.